సగం వచ్చిన ఆట

నందిగామ కోర్టు రోడ్డులో నాకొక చిన్న టైపింగు షాపు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల. అఫిడవిట్లు, పిటిషన్లు, అద్దె ఒప్పందాలు టైపు చేసి పెడతాను. ఇల్లు జగ్గయ్యపేటలో. పొద్దున పేటలో బస్సెక్కితే చిల్లకల్లు దగ్గర హైవే మీదికి వచ్చి గంటలోపు నందిగామలో దింపుతుంది. పదిహేనేళ్ళుగా ఇదే నా రాకపోక. ఇన్నేళ్ళలో నా వేళ్ళ కింద ఎక్కువసార్లు పడిన మాట ఏదని అడిగితే, వాయిదా అనే చెప్పాలి.

వాయిదా అడిగేవాళ్ళను చూస్తే నాకు లోలోపల విసుగు. అంత విసుక్కునే నేనే ఒక వీడియో గేము కోసం ఆరేళ్ళు వాయిదాల మీద బతికాను. నలభై దగ్గరపడుతున్న మనిషి కార్ల రేసు గేము కోసం ఎదురుచూడటమేంటని గుమాస్తాలు నవ్వేవారు. నవ్వనీ. వాళ్ళు పేకాటకి పోతారు, క్రికెట్టు బెట్టింగులకు పోతారు. నాకిది ఉంది. అంతేగానీ అది నవ్వులాట మాత్రం కాలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆ గేము చేసేది ఎక్కడో విదేశంలో ఉన్న చిన్న కంపెనీ. ఇంతవరకూ వచ్చినవన్నీ పిల్లల బొమ్మకార్లనీ, తాము నిజం రోడ్డును ఇంట్లోకి తెస్తామనీ మొదట్లోనే ప్రకటించారు. నిజం ట్రాకులను అంగుళం అంగుళం కొలిచి పెడతామన్నారు. టైరు వేడెక్కితే పట్టు ఎలా మారుతుందో, వాన పడ్డాక నీళ్ళు రోడ్డు మీద ఎక్కడ నిలుస్తాయో, రోడ్డు గతుకు స్టీరింగులోంచి చేతికి ఎలా తెలుస్తుందో అన్నీ ఉంటాయన్నారు. రేసు ట్రాకులే కాకుండా ఒక కొండదారి కూడా పెడతామన్నారు. రేసు లేకుండా ఊరికే నడుపుకోవచ్చట. ముందు వచ్చే వేసవికి అన్నారు. తర్వాత ఏడాది చివరికి అన్నారు. ఆ తర్వాత సిద్ధమైనప్పుడు అని ఊరుకున్నారు. వాయిదా పడ్డప్పుడల్లా ఒక ఉత్తరం వచ్చేది. మొదట మాకు కృతజ్ఞతలు, చివర క్షమాపణలు, మధ్యలో ఏమీ ఉండదు. నేను టైపు చేసే వాయిదా పిటిషన్లు చాలా నయం. కనీసం కక్షిదారుడికి జ్వరమనో, ఊళ్ళో లేడనో ఒక కారణం ఉంటుంది.

నాలా ఎదురుచూసేవాళ్ళం ముప్పై మందికి పైగా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. తెనాలి, ఖమ్మం, బెజవాడ, ఏలూరు, ఎక్కడెక్కడివాళ్ళో ఉన్నారు. దానికి పెద్దను నేనే. కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పే కుర్రాణ్ణి తప్ప వాళ్ళలో ఒక్కరినీ నేను ముఖాముఖి చూడలేదు. అయినా రోజూ పలకరింపులే. కంపెనీవాళ్ళు ఒక ఫోటో పెడితే దాన్ని పదిసార్లు పెద్దది చేసి చూసి, టైరు పక్కన చెమ్మ ఉందా నీడ ఉందా అని వారం రోజులు వాదించుకున్న రోజులున్నాయి. నేను బస్సులో కూర్చుని నవ్వుకుంటూ చదివేవాణ్ణి.

ఇక మా నాన్న సంగతి.

నాన్న ముప్పై ఎనిమిదేళ్ళు లారీ తోలాడు. పేట సిమెంటు, నందిగామ మిర్చి, తిరుగు ప్రయాణంలో ఏది దొరికితే అది. సొంత బండి ఎప్పుడూ లేదు, యజమానులు మారారు, బండ్లు మారాయి, ఆయన మారలేదు. సీటెక్కే ముందు చెప్పులు విడిచి సీటు వెనక పెట్టేవాడు. బిస్మిల్లా అని గొణుక్కుని తాళం తిప్పేవాడు. ఆయనకు కళ్ళల్లో నీటికాసులు, అదే గ్లాకోమా, వచ్చిన సంగతి మాకెవరికీ తెలియలేదు, ఆయనకూ తెలియలేదు. ఆ జబ్బు నొప్పి పెట్టదు. పక్కచూపును అంచుల నుంచి కొద్దికొద్దిగా తినేస్తూ వస్తుంది. ఎదురుగా ఉన్నది మాత్రం చాలాకాలం బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు.

ఒక రోజు మధ్యాహ్నం చిల్లకల్లు దగ్గర హైవే దిగి పేట వైపు తిరుగుతుంటే, ఎడమ పక్కన సైకిలు మీద వెళుతున్న ఒక పెద్దాయన ఆయనకు కనిపించలేదు. లారీ సైకిలు వెనక కట్టిన గంపను తాకింది. గంపలో దోసకాయలు రోడ్డు మీద దొర్లాయి. ఆ పెద్దాయనకు దెబ్బ తగల్లేదు. నాన్న దిగి ఆయన్ను పట్టుకుని లేపి, దోసకాయలన్నీ ఏరి గంపలో పెట్టాడట. తర్వాత లారీని పేటకు తీసుకొచ్చి యజమాని ఇంటి ముందు నిలబెట్టి తాళాలు చేతిలో పెట్టాడు. మళ్ళీ ఎక్కలేదు. ఇంటికొచ్చి అమ్మతో, "నాకు ఎడమ పక్కన మనిషి కనపళ్ళేదే" అని ఒక్క మాట అన్నాడు. అమ్మ ఆ రోజు అన్నం వండలేదు.

తర్వాత బెజవాడలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవాలనీ, రోజూ చుక్కలు వేసుకోవాలనీ, బండి తోలడం మాత్రం కుదరదనీ డాక్టరమ్మ చెప్పింది. నాన్న తల ఊపాడు. ఆయన ముందే మానేశాడని ఆవిడకు తెలియదు.

ఇంట్లో ముందుగదిలో నా కంప్యూటరు ఉండేది. హైదరాబాదులో చదువు ముగించుకుని వెళుతున్న ఒక అబ్బాయి దగ్గర పాత స్టీరింగు సెట్టు కొన్నాను. స్టీరింగు, కింద మూడు పెడళ్ళు, పక్కన గేరు రాడ్డు. బల్లకు బిగించుకుని అప్పటికి ఉన్న గేములు ఆడేవాణ్ణి. నాన్న పడక కుర్చీలో కూర్చుని వినేవాడు. చూడటం తక్కువ, వినడం ఎక్కువ. గేరు సరిగా పడకపోతే అక్కడినుంచే నాలుక చప్పరించేవాడు.

ఒక రోజు నేనే రమ్మని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చోగానే ఆయన చెయ్యి పైకి లేచి అద్దం సర్దబోయింది. అక్కడ అద్దం లేదు. నవ్వుకుని చెయ్యి దించాడు. రేసు మొదలైంది. ఇరవై కార్లు దూసుకుపోతుంటే ఆయన నలభై స్పీడులో ఎడమ అంచు పట్టుకుని పోతున్నాడు. వెనకనుంచి ఇంకో కారు వచ్చింది. నాన్న కుడిచెయ్యి పక్కకు చాపి, లారీ కిటికీలోంచి ఊపినట్టు, ముందుకు పొమ్మని ఊపాడు. గది గోడకు చెయ్యి తగిలింది. "రేసు నాన్నా, దారివ్వకూడదు" అన్నాను. "పోనీలేరా, తొందరున్నోళ్ళు పోతారు" అన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

కానీ రెండు చుట్లు తిరిగాక ఆయన చేతులు తీసేశాడు. "దీనికి రోడ్డు లేదురా. తారో మట్టో చేతికి తెలవట్లా. బొమ్మలో బండి పోతంది, నేను ఊరికే తిప్పుతున్నా" అన్నాడు.

ముప్పై మంది నెలల తరబడి వాదించుకున్న లోపాన్ని ఆయన రెండు చుట్లలో పట్టేశాడు. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. అప్పుడే రాబోయే గేము గురించి చెప్పాను. కంపెనీ పెట్టిన ఫోటోలు చూపించాను. అప్పటికి ఆయనకు నడిమి చూపు బాగానే ఉంది, ఫోను ఎదురుగా పెడితే చూడగలడు. కొండదారి ఫోటో దగ్గర ఆగి, మలుపులు వేలితో లెక్కపెట్టాడు. దిగుడులో ఇంజను పట్టి ఉంచుతుందా, బ్రేకులు కాలితే తెలుస్తుందా, తడి రోడ్డు మీద జారితే ముందు చేతికి తెలుస్తుందా నడుముకు తెలుస్తుందా అని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను.

ఆ మర్నాడు మసీదు నుంచి వచ్చి కూర్చున్నాక, నేను షాపుకు బయల్దేరుతుంటే పిలిచాడు.

"ఒక్క ట్రిప్పు తోలాలనుందిరా" అన్నాడు. "ఆ రోజు బండి నేను ఆపలేదు. కళ్ళు ఆపినయ్యి. పేట నుంచి లోడు ఎత్తుకుని, ఘాటురోడ్డు దిగి, అవతల నా అంతట నేనే పక్కకు తీసి ఆపాలి. నిజం బండి ఎట్టాగూ ఎవడూ ఇయ్యడు, ఇచ్చినా ఎక్కను. నువ్వు చెప్పేది నిజంగా రోడ్డులా ఉంటే, అందులో దిగుతా."

"రాగానే మొదటి ట్రిప్పు నీదే నాన్నా" అన్నాను.

ఆయన ఇంతకంటే ఎక్కువ ఎప్పుడూ అడగలేదు. ఏ కోరికా లేనట్టు బతికిన మనిషి. అందుకే ఆ మాట నాకు బరువుగా పట్టుకుంది.

అప్పటినుంచి ఎదురుచూపు ఇద్దరిదయింది. నేను ఇంటికి రాగానే "ఏరా, కబురేమన్నా ఉందా?" అనేవాడు. వాయిదా పడిందంటే, "మీ కోర్టోళ్ళు గానీ చేస్తన్నారేంట్రా ఆ గేము?" అనేవాడు. మొదట్లో ఇద్దరం నవ్వేవాళ్ళం. రెండో ఏడు వచ్చేసరికి ఆయన ఆ మాట అంటూనే ఉన్నాడు, నాకు నవ్వు రావడం మానేసింది. ఎందుకంటే అటు కంపెనీ తేదీలు జరుగుతుంటే ఇటు ఆయన చూపు కుంచించుకుపోతోంది.

నాలుగు నెలలకోసారి బెజవాడ వెళ్ళేవాళ్ళం. అక్కడ ఒక పరీక్ష ఉంటుంది. గిన్నెలాంటి మిషనులో గడ్డం ఆనించి కూర్చోవాలి. ఎక్కడైనా చిన్న వెలుగు చుక్క కనపడితే చేతిలో బటను నొక్కాలి. కనపడని చోటల్లా కాగితం మీద నల్లగా అచ్చవుతుంది. "ఇది కూడా మీ గేమేనా?" అన్నాడు ఒకసారి. "ఈ గేములో ప్రతిసారీ ఓడిపోవటమేరా." కాగితాలన్నీ నేను షాపులో ఒక ఫైలులో పెట్టుకునేవాణ్ణి. తెలుపు ప్రతిసారీ తగ్గేది. ఎడమ కన్నుది ముందు పూర్తిగా నల్లబడింది. కుడి కన్నుకు నడిమిన ఒక రూపాయి బిళ్ళంత తెలుపు మిగిలింది.

ఆ ప్రయాణాల్లో కంచికచర్ల దాటాక పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం కోసం నాన్న కిటికీ వైపు తిరిగేవాడు. లారీ తోలినన్నాళ్ళూ ఆ విగ్రహం కనపడితే బెజవాడ వచ్చేసినట్టే ఆయనకు. "దూరాన్నుంచి మొత్తం కనపడుతున్నాడు. దగ్గరికొచ్చేకొద్దీ పోతన్నాడురా. ఎక్కడ చూసినా రాయే కనపడతంది" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. చిన్న కంతలోంచి చూసేవాడికి దూరాన ఉన్నదే పూర్తిగా పడుతుందని తర్వాత తెలిసింది. ఆ లెక్కన బల్లకు కాస్త దూరంగా కుర్చీ వేస్తే కంప్యూటరు తెర ఆయనకు పూర్తిగా కనపడుతుంది. ఇంటికెళ్ళి కొలిచి చూశాను. స్టీరింగునూ పెడళ్ళనూ వెనక్కి జరిపి, ఆయన చేతికీ కాలికీ అందేట్టు చెక్క మీద బిగించి పెట్టాను. ఇక గేము రావడమే ఆలస్యం.

గేము వచ్చింది. సగం వచ్చింది.

కంపెనీవాళ్ళు ఇంకా పూర్తికాని గేమును ముందుగానే అమ్మకానికి పెట్టారు. కొనుక్కుని ఆడుతూ ఉండండి, లోపాలు చెప్పండి, మేము సరిచేస్తూ ఉంటాం అన్నారు. ఎర్లీ యాక్సెస్ అని దానికి పేరు. నాలుగు ట్రాకులు, పది కార్లు, కొండదారిలో మొదటి సగం. మా గ్రూపులో ఆ పొద్దున నిప్పు రాజుకుంది. ఇన్నేళ్ళు తిప్పి, చివరికి అరకొర సరుకు అంటగడతారా అని అందరికీ మండింది. అందరికంటే ఎక్కువ నాకు మండింది. నా కోపం నాకు తెలుసు, అది వచ్చినప్పుడు నా చేతికి మంచి భాష వస్తుంది. షాపులో కూర్చుని, ముందున్న పిటిషను పక్కన పెట్టి, ఒక ప్రమాణపత్రం టైపు చేశాను.

"కింద సంతకము చేసిన మేము ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా, సగము చేసిన గేమును మేము గేముగా అంగీకరించము. పూర్తిగా వచ్చువరకు కొనము, ఆడము, ఆడినవారి వీడియోలు చూడము. ఎవరడిగినను ఇంకను రాలేదనియే చెప్పెదము."

నవ్వులాటగా మొదలుపెట్టి నిజంగానే ముగించాను. ముప్పై ఒక్క మందీ తమ ఊళ్ళ పేర్లతో సంతకాలు పెట్టారు. నేను దాన్ని ప్రింటు తీసి షాపు గోడకు అంటించాను. కోర్టు పనిమీద వచ్చినవాళ్ళు అదేదో భూమి తగాదా అనుకుని చదివేవారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాను. నాన్న పడక కుర్చీలో ఉన్నాడు.

"ఏరా, కబురేమన్నా ఉందా?"

"రాలేదు నాన్నా" అన్నాను.

అబద్ధమాడుతున్నానని నాకు అనిపించలేదు. పొద్దుటినుంచీ ముప్పై మందితో కలిసి అదే మాట పదేపదే అనుకున్నాం కదా, నా నోటికి అది నిజంలాగే వచ్చింది. పైగా నా దగ్గర మంచి కారణాలున్నాయి. వాన ఇంకా సరిగా లేదట. కొండదారి సగంలో ఆగిపోతుందట. మధ్యలో గేము ఉన్నట్టుండి మూసుకుపోతోందట. ముప్పై ఎనిమిదేళ్ళు తోలిన మనిషి చివరి ట్రిప్పు అలా అరకొరగా ఉండకూడదు. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడే కూర్చోబెట్టాలి. ఇలా నాకు నేనే వాదించుకుని, నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

రెండు నెలలకు కోదాడ లెక్కల మాస్టారు ప్రమాణం తప్పాడు. కొండదారి ఫోటో ఒకటి గ్రూపులో పెట్టి, ఆగలేకపోయానని రాశాడు. నేను కోర్టు భాషలోనే అతన్ని తిట్టి గ్రూపులోంచి తీసేశాను. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు. అరగంటకు అతను ఫోను చేశాడు. నందిగామ బస్టాండు దగ్గర ఉన్నాను, బస్సుల హారన్లు. అతని గొంతులో కోపం లేదు.

"అన్నా, నన్ను తీసేసినవ్, సరే. ఒక్కటి చెప్తా ఇను. మస్తుగ ఉంది. రోడ్డు చేతికి తెలుస్తుంది. సగమే ఉంటే ఏంది, ఆ సగం మంచిగుంది. మీ నాయన కోసమన్నా పెట్టన్నా. ఆయనకు చూపు తగ్గుతుందని నువ్వే చెప్పినవ్ గదా."

"మాటంటే మాటే" అన్నాను.

"ఎవలకిచ్చినవన్నా మాట? మేమంత ఏమనుకుంటం?"

బస్సు వచ్చిందని ఫోను పెట్టేశాను. బస్సు రాలేదు. ఇంకో ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాను. అతను చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. ఇంటికెళ్ళి పెడితే ఎవరికీ తెలియదు కూడా. కానీ గోడకు అంటించిన కాగితం కింద మొదటి సంతకం నాది. నేను తప్పితే ముప్పై మంది ముందు ఏ ముఖం పెట్టుకోవాలి అనుకున్నాను. ఆ ముప్పై మంది ముఖాలూ నేను చూసింది లేదు. ఇప్పుడు ఆలోచిస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నాలుగు మంచి ముక్కలు టైపు చేసినందుకు నన్ను పెద్దమనిషిని చేశారు. ఆ పెద్దరికం నాకు తీపిగా ఉంది. అసలు కారణం అదే. మిగతావన్నీ నేను దానికి జతచేసిన కాగితాలు.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. నాన్న రోజూ అడగడం మానేసి వారానికోసారి అడిగేవాడు. నేను రాలేదనే చెప్పేవాణ్ణి. ఒక పొద్దున ఫజరు నమాజుకు లేచి, ఇంట్లో దీపం వెయ్యలేదేంటని అమ్మను కేకేశాడు. దీపం వెలుగుతూనే ఉంది. అమ్మ నన్ను లేపలేదు, నేనే ఆ కేకకు లేచాను. అమ్మ ఆయన ఎదురుగా నిలబడి, చెయ్యి ఆయన ముఖం ముందు అటూ ఇటూ ఊపుతోంది. ఆయన ఆమె భుజం మీదుగా గోడ వైపు చూస్తున్నాడు.

ఆ రోజే బెజవాడ వెళ్ళాం. కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిందన్నారు. మందులిచ్చారు, చిన్న ఆపరేషను చేశారు. వెలుగు చీకటి మాత్రం తెలుస్తాయనీ, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. ఈసారి గిన్నె మిషను పరీక్ష పెట్టలేదు. తిరుగు ప్రయాణంలో పరిటాల వచ్చినప్పుడు నేను ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ వైపు తిరగలేదు. వచ్చిందని నేనూ చెప్పలేదు.

పూర్తి గేము అది జరిగిన రెండు నెలలకు వచ్చింది. ఈసారి కంపెనీ ఉత్తరంలో క్షమాపణలు లేవు. గ్రూపులో పండగ. ప్రమాణం నిలబెట్టుకున్నందుకు ఒకరినొకరు అభినందించుకున్నారు, నన్ను అందరూ కలిసి అభినందించారు. నేను ఏమీ రాయలేదు. కొందామా వద్దా అని నాలుగు రోజులు తేల్చుకోలేకపోయాను. కొనకపోతే ఆయనకు ఇంక ఎప్పటికీ చెప్పక్కర్లేదు. చివరికి ఆదివారం పొద్దున కొని పెట్టాను. డౌన్‌లోడు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. నాన్న లోపలి గదిలో పడుకున్నాడనుకుని, స్పీకర్లు తగ్గించి, కొండదారిలో వాన పెట్టి చూస్తున్నాను.

"వాన పడతందా?" అని లోపలినుంచి నాన్న గొంతు. "బట్టలు తీయమను మీ అమ్మని."

బయట ఎండ మండిపోతోంది. గోడ పట్టుకుంటూ ఆయన ముందుగదిలోకి వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి విన్నాడు. వాన, వైపర్లు, కింది గేరులో పట్టి దిగుతున్న ఇంజను. ఆయన ముఖం మారింది.

"వచ్చిందా?"

"వచ్చింది నాన్నా."

ఇంకేమీ అడగకుండా చెయ్యి చాపాడు. తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాను. పాదాలు పెడళ్ళ మీద పెట్టాను. పెదవులు కదిలాయి, ఏమన్నాడో నాకు తెలుసు. చేతులు స్టీరింగు మీదికి వచ్చాయి. బండి కదిలింది. కొంత దూరం దారి తిన్నగా ఉంది. "ఎడమ చక్రం నీళ్ళల్లో పడింది" అన్నాడు. తెర మీద చూస్తే నిజమే, ఎడమ అంచున నీటి మడుగు. "ఇప్పుడు గరుకు రోడ్డు" అన్నాడు. అదీ నిజమే. కంపెనీవాళ్ళు చెప్పినవన్నీ చేశారు. ఆయనకు అన్నీ తెలుస్తున్నాయి.

మలుపు వచ్చింది. "కుడికి నాన్నా, కొంచెం, ఇంకొంచెం, చాలు" అన్నాను. తిప్పాడు. కానీ నా నోటినుంచి మాట ఆయన చెవికి చేరి, చెవినుంచి చేతికి చేరేసరికి బండి రాళ్ళలోకి వెళ్ళింది. మళ్ళీ రోడ్డు మీద పెట్టాను. రెండో మలుపు. అప్పుడూ అంతే. మూడో మలుపులో లోయ అంచున కమ్మీకి గుద్దుకుంది. స్టీరింగు చేతుల్లో గట్టిగా కొట్టింది. ఆయన ఉలిక్కిపడి, "ఎవరికన్నా తగిలిందా?" అన్నాడు.

"లేదు నాన్నా. ఎవరూ లేరు."

ఆయన ఒక్కో చెయ్యీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇట్టా కాదురా. నువ్వు తోల్తన్నావు. నేను చేతులు పెట్టా, అంతే. బండి బాగుంది. రోడ్డు బాగుంది. నేనే లేను ఇందులో" అన్నాడు.

నేను కంప్యూటరు ఆపాను. వాన చప్పుడు ఆగిపోయింది. వంటింట్లోంచి అమ్మ గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినపడుతోంది.

"ఎన్నాళ్ళయిందిరా ఇది వచ్చి?" అన్నాడు.

నాలుగు రోజుల కిందట వచ్చిందని చెప్పొచ్చు. గోడకు అంటించిన కాగితం ప్రకారం అదే సరైన జవాబు. ఆయన అనుమానించేవాడు కూడా కాదు. కానీ ఆయన ముఖం నా వైపు తిరిగి ఉంది, కళ్ళు మాత్రం నా పక్కనున్న గోడను చూస్తున్నాయి. ఆ కళ్ళ ముందు ఇంకోసారి ఆ మాట అనలేకపోయాను. మొత్తం చెప్పాను. సగం వచ్చిన సంగతి, నా కోపం, ప్రమాణపత్రం, కోదాడ మాస్టారి ఫోను, ఎనిమిది నెలల పాటు వారం వారం నేను చెప్పిన 'రాలేదు' అన్న మాట. అది బాగోలేదని, బాగున్నదే ఆయనకు చూపించాలనుకున్నానని కూడా చెప్పాను. అది నిజమే. అది పూర్తి నిజం కాదని, ఆ పెద్దరికం సంగతి కూడా చెప్పాను.

నేను ఏడుస్తున్నానని నాన్నకు తెలిసే ఉంటుంది. అంతా అయ్యాక, లెక్క చూసుకుంటున్నట్టు మెల్లగా అడిగాడు.

"ఆ సగం వచ్చినప్పుడు నాకు కుడి కన్ను కనపడేదిగా?"

"కనపడేది నాన్నా."

"తెర కనపడేదా?"

"మొత్తం కనపడేది. కొలిచి కుర్చీ వేశాను."

ఆయన తల ఊపాడు. తిడతాడేమోనని చూశాను, తిడితే బాగుండేది. చెయ్యి గాలిలో తడుముకుంటూ నా కోసం చాపాడు, కుర్చీలోంచి లేవడానికి.

"సగమైనా సరిపోయేదిరా నాకు" అన్నాడు. "అప్పుడు నాకున్నదీ సగమేగా. లేపు."